నల్లబడ్డ వెండికి వంటసోడా చాలు
వరలక్ష్మీ వ్రతం వస్తుందంటే మా కావలిలో ప్రతి ఇంట్లో ఇదే తంతు, వెండి కుందులు, పట్టీలు ముందేసుకుని పళ్ళపొడితో చేతులు నొప్పెట్టేదాకా రుద్దడం. దయచేసి అలా రుద్దకండి, నలుపుతో పాటు వెండి కూడా కొంచెం కొంచెం అరిగిపోతుంది. ఆ నలుపు మురికి కాదు, గాలిలోని గంధకపు వాయువులతో వెండి కలిసి ఏర్పడిన సిల్వర్ సల్ఫైడ్.

స్టీలు గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, వెండి సామాను దానికి తగిలేలా పెట్టండి, తగలకపోతే పని జరగదు. లీటరు మరిగే నీళ్ళు, ఒక పెద్ద చెంచా వంటసోడా, చెంచా ఉప్పు. ఐదు నిమిషాలు. వెండి కంటే అల్యూమినియం చురుకైన లోహం కాబట్టి గంధకాన్ని వెండి నుంచి విడిపిస్తుంది, వెండి మళ్ళీ వెండిగానే మిగులుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన కొంచెం వస్తుంది, కంగారు పడకండి, కిటికీ తీసి పెట్టుకోండి. తర్వాత మంచినీళ్ళతో కడిగి పొడిగుడ్డతో తుడవండి.

రాళ్ళు పొదిగినవి, కావాలని నల్లరంగు పట్టించిన ఆక్సిడైజ్డ్ నగలు మాత్రం ఇందులో వేయొద్దు. అన్నట్టు పట్టీలకు రబ్బరు బ్యాండు చుట్టి దాచే అలవాటుంటే మానేయండి, రబ్బరులోనూ గంధకం ఉంటుంది.