ప్రాసెసర్‌కూ మదర్‌బోర్డుకూ పొత్తు కుదరనప్పుడు: సమస్యలు, పరిష్కారాలు

ఇంట్లో ఆటలకు ఒక కంప్యూటర్, కుటుంబ అవసరాలకు మరొకటి సమకూర్చుకునేవారికి ఎదురయ్యే చిక్కుల్లో చాలా భాగం విడిభాగాలు చెడిపోయి రావు. ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే ముఖ్య చిప్), మదర్‌బోర్డు (అన్ని భాగాలనూ కలిపే పలక) ఒకదానికొకటి సరిపోతాయో లేదో, అవి రెండూ కలిసి ఆ ఇంటి పనికి సరిపోతాయో లేదో ముందుగా చూసుకోకపోవడం వల్లనే వస్తాయి. అందుకే కొత్త భాగం కొనే ముందు లక్షణాన్ని బట్టి కారణాన్ని వెతకాలి.

సమస్య: ఫ్యాన్లు తిరుగుతాయి గాని తెర మీద ఏమీ కనిపించదు

మొదట పవర్ సప్లై నుంచి ప్రాసెసర్ పక్కకు రావలసిన 8 పిన్నుల తీగ బిగించారో లేదో చూడండి. ఆ తర్వాత ప్రాసెసర్ పేరు చివరి అక్షరాన్ని గమనించండి. ఇంటెల్ కోర్ ఐ5 12400ఎఫ్ వంటి ఎఫ్ రకాల్లో గాని, ఏఎండీ రైజెన్ 5 5600లో గాని తెరకు బొమ్మ తయారుచేసే గ్రాఫిక్స్ భాగం ఉండదు కాబట్టి, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే బోర్డుకు హెచ్‌డీఎంఐ (మానిటర్ తీగ పెట్టే పోర్టు) ఉన్నా దాని నుంచి బొమ్మ రాదు. కుటుంబ కంప్యూటర్‌కు తక్కువ ధర చూసి ఎఫ్ రకం కొన్నవారు మిగిల్చిన సొమ్ముకు ఎన్నో రెట్లు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టవలసి వస్తుంది. అటువంటి ఇంటికి కోర్ ఐ3 12100 లేదా రైజెన్ 5 5600జీ తగినవి.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే బయాస్‌ను, అంటే కంప్యూటర్‌ను మొదలుపెట్టే బోర్డులోని సాఫ్ట్‌వేర్‌ను, అనుమానించాలి. ఏఎండీ ప్రాసెసర్లకు వాడే బి450 బోర్డులు 2018లో వచ్చాయి, రైజెన్ 5000 వరుస 2020 నవంబరులో వచ్చింది. సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఒకటే కావడంతో ప్రాసెసర్ చక్కగా కూర్చుంటుంది, కాని పాత బయాస్ దానిని గుర్తించదు. ఇంటెల్ 12వ తరంతో వచ్చిన బి660 బోర్డులో 13వ తరం ప్రాసెసర్ పెట్టినప్పుడూ ఇదే జరగవచ్చు. బోర్డుకు బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే, ప్రాసెసర్ పని చేయకపోయినా పెన్‌డ్రైవ్‌తో కొత్త బయాస్ ఎక్కించవచ్చు. మధ్యలో కరెంటు పోతే బోర్డు మొండికేసే ప్రమాదం ఉంది కాబట్టి యూపీఎస్ ఉన్నప్పుడే ఈ పని చేయాలి. ఆ బటన్ లేని బోర్డును సికింద్రాబాద్ సీటీసీ వంటి కంప్యూటర్ మార్కెట్లలో కొనేవారు, డబ్బు చెల్లించే ముందే దుకాణంలో బయాస్ మార్పించుకోవడం మేలు.

ఏఎం5 (ఏఎండీ కొత్త సాకెట్) బోర్డు అయితే తొందరపడకండి. డీడీఆర్5 రకం ర్యామ్‌ను (తాత్కాలిక మెమరీని) సరిచూసుకోవడానికి మొదటిసారి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, ఆలోపు స్విచ్ ఆపకూడదు.

సమస్య: ఆట ఆగి ఆగి సాగుతుంది

మానిటర్ తీగను గ్రాఫిక్స్ కార్డుకు బదులు మదర్‌బోర్డుకు పెట్టడం తరచుగా కనిపించే కారణం. అది సరిగ్గా ఉంటే ర్యామ్ చూడండి. 3200 వేగం అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్, బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను రాసి ఉన్న వేగంతో నడిపే అమరిక) ఆన్ చేసే వరకు చాలాసార్లు 2133 లేదా 2666 దగ్గరే నడుస్తుంది. ఒకే 16 జీబీ ముక్క కన్నా రెండు 8 జీబీ ముక్కలు మెరుగు. 5600జీ వంటి ప్రాసెసర్లు గ్రాఫిక్స్ కోసం కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటాయి కాబట్టి వాటిలో ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

మొదట బాగా నడిచి, అరగంట తర్వాత వేగం పడిపోతే అది వేడి సంగతి. ప్రాసెసర్‌కు విద్యుత్తు అందించే భాగం మీద హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు భాగం) లేని చౌక హెచ్610 బోర్డులో ఎక్కువ విద్యుత్తు తాగే ఐ7 పెడితే, మన మే నెల ఎండల్లో అది వేగం తగ్గించుకోక తప్పదు. ఇటువంటప్పుడు ఐ7కు పెట్టిన డబ్బును ఐ5కూ, మెరుగైన బి760 బోర్డుకూ పంచడమే సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

సమస్య: ఆట మధ్యలో మూసుకుపోతుంది, వీడియో మెమరీ చాలదంటుంది

గ్రాఫిక్స్ కార్డు బాగానే ఉండి, ప్రాసెసర్ ఇంటెల్ 13వ లేదా 14వ తరం ఐ7, ఐ9 అయితే అనుమానం ప్రాసెసర్ మీదకే పోవాలి. వోల్టేజి అవసరానికి మించి పెరగడం వల్ల ఈ తరాల ప్రాసెసర్లు కొన్ని దెబ్బతిన్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. 2024 సెప్టెంబరు తర్వాత విడుదలైన బయాస్ ఎక్కిస్తే ఇకముందు నష్టం తగ్గుతుంది గాని, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్ బాగుపడదు. పెట్టెతో అమ్మిన వాటికి ఇంటెల్ వారంటీని 2 ఏళ్లు పొడిగించింది కనుక మార్పిడి కోరండి.

సమస్య: కుటుంబ కంప్యూటర్ విండోస్ 11కు ఒప్పుకోదు

ప్రాసెసర్ ఇంటెల్ 8వ తరం లేదా అంతకన్నా కొత్తదైతే, బయాస్‌లో టీపీఎం (విండోస్ 11 కోరే భద్రతా భాగం) ఆపి ఉందేమో చూసి ఆన్ చేస్తే చాలావరకు సరిపోతుంది. 7వ తరం, అంతకు ముందువి అయితే బోర్డుతో సహా మార్చుకోవలసిందే. అలా మార్చేటప్పుడు పాత డీడీఆర్4 ర్యామ్ వాడుకోదలిస్తే, డీడీఆర్4 స్లాట్లు ఉన్న హెచ్610 బోర్డును అడిగి తీసుకోండి. రెండు రకాల ర్యామ్‌లకు గాడి ఉండే చోటు వేరు కాబట్టి డీడీఆర్5 స్లాటులో డీడీఆర్4 పట్టదు.