బ్లేక్ ‘ది టైగర్’ పద్యాన్ని విశ్లేషించడం ఎలా?

విలియం బ్లేక్ 1794లో ‘సాంగ్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’లో అచ్చువేసిన ఈ పద్యంలో నాలుగేసి పాదాల చరణాలు ఆరు. కొత్తగా విశ్లేషణ నేర్చుకునేవారికి ఇదే సరైన పద్యం. నడక మారిన చోటే అర్థమూ బరువెక్కడం ఇందులో చెవికి తెలుస్తుంది.

1. అర్థం జోలికి పోకుండా పైకి రెండుసార్లు చదవండి. బల్ల మీద వేలితో దరువు వేయండి. పాదానికి నాలుగు దెబ్బలు పడతాయి.

2. పాదాల చివరి మాటలు రాసుకోండి. బ్రైట్–నైట్, స్కైస్–ఐస్: రెండేసి పాదాలకు ఒక అంత్యప్రాస. ‘ఐ–సిమ్మెట్రీ’ మాత్రం కలవదు. ‘సిమ్మెట్రీ’ అంటే సౌష్ఠవం; ఆ మాట దగ్గరే ప్రాస చెదరడం చూడండి, అది తప్పకుండా రాయాల్సిన విషయం.

3. ఇప్పుడు ఛందస్సు. మనవాళ్లు తడబడేది ఇక్కడే, ఎందుకంటే చెవి గురులఘువులను వెతుకుతుంది. ఇంగ్లిష్‌లో లెక్క ఊనికది, అంటే మాటలో ఏ ముక్కను నొక్కి పలుకుతామన్నది. ‘ఇమ్మోర్టల్’లో ‘ఇమ్’ మన లెక్కన గురువే, కానీ ఊనిక పడేది ‘మోర్’ మీద. అనుమానం వస్తే నిఘంటువు చూడండి: ఊనిక ఉన్న సిలబుల్‌కు (పలుకు ముక్కకు) ముందు పైన చిన్న గీత ఉంటుంది.

‘టైగర్ టైగర్, బర్నింగ్ బ్రైట్’: టై, టై, బర్, బ్రైట్. ఊనిక ముందు, తేలిక వెనక. ఈ గణం ట్రోకీ. చివరి గణంలో తేలిక సిలబుల్ రాలిపోయి 7 మిగిలాయి. అందుకే ఇలాంటి ప్రతి పాదం సుత్తి దెబ్బతో మొదలై సుత్తి దెబ్బతో ముగిసినట్టుంటుంది. నాలుగో చరణంలో సుత్తి, కొలిమి, దాగలి వచ్చేసరికి ఆ దరువు ఎవరిదో తెలుస్తుంది.

‘కుడ్ ఫ్రేమ్ దై ఫియర్‌ఫుల్ సిమ్మెట్రీ’ దగ్గర 8 సిలబుల్స్ వస్తాయి, ఊనిక రెండోదానికి జరుగుతుంది. ఇది ఐయాంబ్. దీన్ని బలవంతాన ట్రోకీలో ఇరికించవద్దు. ‘డిడ్ హీ హూ మేడ్ ద ల్యాంబ్ మేక్ దీ?’ కూడా ఇదే నడక. పులీ, గొర్రెపిల్లను చేసినవాడే నిన్నూ చేశాడా అనే అసలు ప్రశ్నకు దరువు మారింది.

4. మూడ్‌కు ‘భయం’ అని ఒక్క మాట రాస్తే చాలదు. పద్యమంతా ప్రశ్నలే, ఒక్కదానికీ జవాబు లేదు. మొదటి, చివరి చరణాలు దాదాపు ఒకటే. ‘కుడ్’ స్థానంలో ‘డేర్’ వచ్చింది. చేయగలడా అన్నది చేసే తెగువ ఉందా అని మారింది. ‘డేర్ ఫ్రేమ్’ రెండూ బరువుగా పలుకుతాయి, నాలుక అక్కడ ఆగుతుంది. భయంలో విస్మయం కలిసిందనడానికి ఈ ఆధారాలు చూపండి.

రాసేటప్పుడు ప్రతి వాక్యంలో ఒక పాదం, అందులో వినిపించేది, దాని ఫలితం, మూడూ ఉండాలి. ‘ఇది ట్రోకీ’ అని చెప్పి ఆపేస్తే సగమే చెప్పినట్టు.