మహమ్మారి వేళ కార్నియా మార్పిడి: ముందు కన్ను దక్కాలి, చూపు తర్వాత

గంటకోసారి చుక్కలు వేస్తున్నా కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) పుండు పాకుతుంటే, లేదా చిల్లు పడితే, లాక్‌డౌన్ ఉన్నా సరే ఆపరేషన్ ఆపకూడదు. పుండు తెల్లగుడ్డు అంచుకు చేరిందంటే ఇన్ఫెక్షన్ మళ్లీ తిరగబెట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది. చిల్లు 2 మి.మీ. లోపే ఉంటే సయనోఅక్రిలేట్ జిగురు పెట్టి, పైన బ్యాండేజ్ కాంటాక్ట్ లెన్స్ వేసి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు.

నేత్రదానాలు ఆగిపోతే తాజా కార్నియా దొరకదు. దాత కార్నియాను దాచే ద్రావణాల్లో, ఎం.కె. మీడియంలో నిల్వ 4 రోజులు, ఆప్టిసాల్‌లో 14 రోజులు. గ్లిసరిన్‌లో అయితే నెలల తరబడి ఉంటుంది. కాకపోతే లోపలి పొర కణాలు బతికి ఉండవు కాబట్టి అతికాక తేటపడదు. ఇక్కడ మన పని కుళ్లిన భాగం తీసేసి కనుగుడ్డును మూయడం, దానికి ఇది చాలు. ఈ మాట సంతకానికి ముందే రోగికీ ఇంట్లోవాళ్లకీ విడమరచి చెప్పాలి. గ్లిసరిన్ కార్నియాను సెలైన్‌లో బాగా కడిగి, యాంటీబయాటిక్ కలిపిన సెలైన్‌లో మెత్తబడేదాకా నానబెట్టాలి. బిరుసుగా ఉంటే అంచు గరుకుగా తెగి కుట్టు సరిగ్గా కూర్చోదు.

చిల్లు పడ్డ కంటికి పూర్తి మత్తే మేలు. గొట్టం వేసేటప్పుడు తుంపరలు లేస్తాయి, కాబట్టి అవసరమైనవాళ్లే ఎన్-95తో లోపల ఉండాలి. కంటికి మాత్రమే మత్తిచ్చి (లోకల్) చేస్తే రోగి మాస్కు పై అంచుకు టేపు అంటించాలి. లేకపోతే ఊపిరి నేరుగా కంటి మీదికి కొడుతుంది. కంటి వెనక ఒత్తిడి తగ్గడానికి నరంలోకి 20% మానిటాల్ కిలోకు 1 గ్రాము: 60 కిలోల మనిషికి 300 మి.లీ. గుండె, కిడ్నీ జబ్బులు లేవని ముందే చూసుకోవాలి.

పుండు చుట్టూ 1 మి.మీ. మంచి భాగం కలుపుకుని కోయాలి. 8 మి.మీ. కోతకు 8.5 మి.మీ. దాత కార్నియా. చిల్లు కన్ను మీద ట్రెఫైన్ (గుండ్రంగా కోసే బ్లేడు) నొక్కితే గుడ్డు కుంగి లోపలివి బయటికొస్తాయి. పైపైన గుర్తు పెట్టి, విస్కోఎలాస్టిక్ (చిక్కటి జెల్) నింపి, కత్తెరతో పూర్తి చేయాలి. చీము, పొరలు తీసేయాలి, కంటిలోని సహజ లెన్స్ జోలికి మాత్రం పోకూడదు. ఇన్ఫెక్షన్ వెనక్కి దిగకుండా అడ్డుగోడ అదే.

10-0 నైలాన్ (చాలా సన్నటి దారం)తో 16 విడి కుట్లు వేయాలి. మొదటి నాలుగూ 12, 6, 3, 9 గంటల దగ్గర, లోతు దాదాపు 90 శాతం. ఒకే దారంతో వరసకుట్టు వద్దు, ఒకచోట కణజాలం కరిగితే మొత్తం వదులవుతుంది. ముడులు లోపలికి లాగి దాచాలి. చివర ఫ్లోరెసిన్ రంగు వేసి కంటిలోని నీరు కారుతోందేమో చూడాలి. తీసిన ముక్కలో సగం కల్చర్‌కు, సగం పాథాలజీకి పంపాలి.

ఫంగస్ అయితే నాటమైసిన్ 5% (ఫంగస్‌ను చంపే చుక్కలు) కొనసాగాలి, మొదటి 2 వారాలు స్టెరాయిడ్ చుక్క పడకూడదు. రోగి రాలేకపోతే టార్చి వెలుతురులో కంటి ఫోటో తెప్పించుకోండి. ఎరుపు, నొప్పి, వెలుతురు పడకపోవడం, చూపు ఇంకా తగ్గడం కనిపించినా, కుట్టు వదులై గుచ్చుకుంటున్నా ఆ రోజే రప్పించాలి. వదులైన కుట్టు క్రిములకు దారి. చూపు కోసం రెండో మార్పిడి గురించి కన్ను పూర్తిగా చల్లబడ్డాక, మామూలుగా 6 నెలలు దాటాక ఆలోచించవచ్చు.