పరుగుకు మెత్తటి షూ కొంటున్నారా? బొబ్బలు రాకుండా సైజు చూసుకోవడం ఎలా?

పరుగు మొదలుపెట్టిన కొత్తలో నేను షూ కొన్న పద్ధతి చెప్తాను. షాపుకి వెళ్లాను, ఆఫీసు షూ ఎనిమిది నంబరే కాబట్టి "ఎనిమిది ఇవ్వండి" అన్నాను, సోల్‌ని వేలితో నొక్కి చూస్తే దూదిలా ఉంది, డబ్బులు కట్టేసి వచ్చేశాను. ఆ షూతోనే ఆగస్టు తుంపరలో, హైదరాబాద్ ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ మొదటి హాఫ్ మారథాన్ పరిగెత్తాను. 21 కిలోమీటర్లు అయ్యేసరికి రెండు బొటనవేళ్ల గోళ్లు నల్లబడ్డాయి, ఎడమ అరికాలి ముందు భాగంలో రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. వారం రోజులు చెప్పులేసుకుని నడవడం కూడా కష్టమైంది. షూ మెత్తగానే ఉంది కదా, మరి ఎందుకిలా అయిందని చాలా రోజులు అర్థం కాలేదు.

మెత్తటి షూ కొంటే కాలు నొప్పి పుట్టదు, బొబ్బలు రావు అని చాలామంది అనుకుంటారు. బొబ్బ వచ్చేది పాదం షూలో జారడం వల్ల. అడుగు పడ్డప్పుడు చర్మం సాక్సుకి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది, లోపల ఎముక మాత్రం ముందుకీ వెనక్కీ కదులుతుంది. కిలోమీటరుకి వెయ్యికి పైగా అడుగులు పడతాయి, అన్ని అడుగుల్లోనూ అదే చోట ఆ లాగుడు జరిగితే పైచర్మం పొరల మధ్య చీలిక వచ్చి నీరు చేరుతుంది. చెమటా వేడీ తోడైతే ఇంకా తొందరగా వస్తుంది. మరీ మెత్తటి సోల్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. పాదం అడుగడుగునా అందులోకి దిగి, కొంచెం పక్కకి ఒరిగి, మళ్లీ పైకి లేస్తుంది. పైనున్న బట్ట పాదాన్ని గట్టిగా పట్టుకోకపోతే ఈ కదలికంతా రాపిడిగా మారుతుంది. అందుకే ముందు కొలత చూసుకోండి, మెత్తదనం సంగతి తర్వాత.

ఇంట్లోనే పాదం కొలుచుకోండి

సాయంత్రం పూట కొలవండి. పొద్దున్నించి నిలబడి, నడిచి ఉంటాం కాబట్టి పాదం సాయంత్రానికి కొంచెం ఉబ్బుతుంది, పరిగెత్తేటప్పుడూ ఇలాగే ఉబ్బుతుంది. గోడకి ఆనించి నేల మీద ఒక తెల్లకాగితం పెట్టి, మడమ గోడకి తగిలేలా కాగితం మీద నిలబడండి. కూర్చుని కొలిస్తే తక్కువ వస్తుంది, బరువంతా పాదం మీద పడాలి. అన్నిటికంటే ముందుకొచ్చిన వేలి దగ్గర పెన్సిలుతో గీత పెట్టించండి, ఇంకొకరి సాయం ఉంటే మంచిది, మనమే వంగితే పాదం కదిలిపోతుంది. కొంతమందికి బొటనవేలు కాకుండా దాని పక్క వేలు పొడుగ్గా ఉంటుంది, అలాంటప్పుడు ఆ వేలికే గీత పెట్టాలి. గోడ నుంచి ఆ గీత దాకా స్కేలుతో కొలిస్తే అదే పాదం పొడవు. వేళ్ల మొదట్లో పాదం ఎక్కడ బాగా వెడల్పుగా ఉందో అక్కడ అడ్డంగా కూడా కొలవండి. రెండో పాదానికీ ఇదే చేయండి. రెండూ ఒకే కొలత రావడం అరుదు, పెద్ద పాదాన్ని బట్టే షూ కొనాలి.

పెద్ద పాదం పొడవు, వెడల్పు, సెంటీమీటర్లలో వచ్చిన ఆ రెండు అంకెలనీ ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

నంబరును నమ్మొద్దు

మన దగ్గర షాపుల్లో ఏడు, ఎనిమిది అని అడిగేవి యూకే సైజులు. ఒక్కో కంపెనీ దాన్ని ఒక్కోలా లెక్కేస్తుంది. మగవాళ్ల షూలలో నైకీ యూకే ఎనిమిది అంటే 27 సెంటీమీటర్లు, అడిడాస్ యూకే ఎనిమిది అంటే 26.5. అర సెంటీమీటరు తేడా అంటే దాదాపు అర సైజు. అందుకని షూ నాలుక, అంటే లేసుల కింద ఉండే పట్టీ, లోపలి వైపు కుట్టిన చిన్న లేబుల్ తిరగేసి, అక్కడ సీఎం (సెంటీమీటర్లు) లేదా జేపీ (జపాన్ సైజు) అని ఉన్న అంకె చూడండి. సాధారణంగా ఆ అంకె పాదం పొడవుని చెప్తుంది. మీ కొలతకి దగ్గరగా ఉన్న సైజుతో మొదలుపెట్టి, దానికంటే అర సైజు పెద్దదీ, ఒక సైజు పెద్దదీ కూడా తెప్పించుకుని వేసి చూడండి. ఆఫీసు షూ కంటే పరుగు షూ అర సైజో, ఒక సైజో పెద్దది కావాల్సి రావడం మామూలే, అందులో వింతేమీ లేదు.

వెడల్పు సంగతి షాపులో ఎవరూ ఎత్తరు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా జనం పాదాలు కొలిచి, మనవాళ్ల పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కంటే వెడల్పని చెప్పింది, మనకంటూ 'భ' అనే సైజుల పద్ధతిని కూడా ప్రతిపాదించింది. మనం కొనే పరుగు షూలు మాత్రం ఇప్పటికీ చాలావరకు బయటి కొలతలతోనే వస్తున్నాయి. చిన్నప్పటి నుంచీ చెప్పుల్లోనూ, ఉత్త కాళ్లతోనూ తిరిగిన వాళ్లకి వేళ్లు విచ్చుకుని ఉంటాయి, అలాంటి పాదాన్ని సన్నటి షూలో దూరిస్తే చిటికెన వేలు నలిగిపోతుంది. అప్పుడు చాలామంది ఇంకో సైజు పెద్దది కొంటారు. వెడల్పు కాస్త పెరుగుతుంది కానీ పొడవు ఎక్కువై మడమ జారుతుంది, అక్కడ బొబ్బ వస్తుంది. దానికి బదులు అదే సైజులో వెడల్పు రకం ఉందేమో అడగండి. మగవాళ్ల షూలలో మామూలు వెడల్పు డి, ఎక్కువ వెడల్పు 2ఈ, ఇంకా ఎక్కువైతే 4ఈ అని డబ్బా మీద ఉంటుంది. ఆడవాళ్లకి మామూలు వెడల్పు బి, డి అంటే వెడల్పు. న్యూ బ్యాలెన్స్, ఆసిక్స్, బ్రూక్స్ లాంటి కంపెనీలు కొన్ని మోడళ్లని ఇలా రెండు మూడు వెడల్పుల్లో చేస్తాయి. పాదం వెడల్పుగా ఉన్న ఆడవాళ్లు మగవాళ్ల మోడల్ వేసి చూసినా తప్పేం లేదు.

షాపులో ఏం చేయాలంటే

మీరు పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్సులే తీసుకెళ్లండి. షాపులో ఇచ్చే పల్చటి సాక్సుతో చూసి కొన్న షూ, ఇంట్లో మందపాటి సాక్సు వేశాక ఇరుకైపోతుంది.

షూ తొడగకముందు లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. ఇది రెండు నిమిషాల పని, నాకు తెలిసిన పరీక్షలన్నిటిలోకీ ఇదే నమ్మకమైనది. పాదం ఇన్‌సోల్ అంచులు దాటి పక్కలకి పొర్లితే ఆ షూ మీకు సన్నం. వేళ్ల ముందు ఒక సెంటీమీటరు కూడా మిగలకపోతే పొట్టి. సేల్స్ అబ్బాయి ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి, బొబ్బ వచ్చేది మీ కాలికి.

తర్వాత రెండు కాళ్లకీ షూ వేసుకోండి, ఒక్క కాలికి వేసి చూడటం వల్ల ఉపయోగం లేదు. మడమని నేలకేసి రెండుసార్లు తట్టి వెనక్కి ఆనించాక లేసులు కింద నుంచి పై దాకా బిగించండి. నిలబడండి. పొడుగు వేలికీ షూ చివరికీ మధ్య మీ చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లోపల కాలి వేళ్లన్నీ హాయిగా ఆడాలి, పైన బట్ట మీద చిటికెన వేలి ఆకారం ఉబ్బెత్తుగా కనిపించకూడదు. మీగాలి దగ్గర మాత్రం షూ పాదాన్ని కావలించుకున్నట్టు పట్టుకోవాలి. ముందు వదులు, నడుమ బిగువు, వెనక బిగువు, షాపులో ఈ మూడూ గుర్తుంటే చాలు.

ఇప్పుడు నడవండి. నడవడంతో ఆపొద్దు, షాపు బయట వరండాలోనో ఫుట్‌పాత్ మీదో నాలుగు అడుగులు పరిగెత్తనిస్తారేమో అడగండి, చాలా చోట్ల ఒప్పుకుంటారు. మెట్లు ఉంటే దిగి చూడండి, దిగేటప్పుడు వేళ్లు ముందుకెళ్లి కొట్టుకుంటే ఫ్లైఓవర్ దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయని అర్థం. మడమ ప్రతి అడుగుకీ పైకి లేచి రుద్దుతోందా? పాదం వంపు దగ్గర లోపలి అంచు ఒత్తుతోందా? చదును పాదాలున్న వాళ్లకి ఈ రెండోది చాలా ముఖ్యం, ఆ వంపు దగ్గర చిన్నగా అనిపించిన ఒత్తిడే ఐదో కిలోమీటరుకి బొబ్బ అవుతుంది. కనీసం పది నిమిషాలు షూ కాలికే ఉంచుకోండి. "వాడుతుంటే అదే సాగుతుంది" అని ఎవరైనా అంటే వినకండి. తోలు చెప్పు సాగుతుంది, కరిచిన చెప్పు నాలుగు రోజులకి మెత్తబడుతుంది, ఇప్పటి పరుగు షూ బట్ట అంతగా సాగదు. మొదటి రోజు ఒత్తిందంటే తర్వాత కూడా ఒత్తుతూనే ఉంటుంది.

ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి తీసుకుంటారో లేదో ముందు చూసుకుని, రెండు సైజులు తెప్పించి, ఇంట్లో చాప మీద ఇవన్నీ చేసి, సరిపోనిది పంపేయండి. ఫస్ట్ కాపీ, అంటే నకిలీ షూల జోలికి మాత్రం వెళ్లకండి. చూడటానికి అచ్చు అలాగే ఉంటాయి, లోపలి ఫోమ్, కొలత వేరు. అదే డబ్బుకి మంచి కంపెనీ పాత మోడల్ తగ్గింపులో దొరుకుతుంది.

ఎంత మెత్తగా ఉండాలి?

వేలితో నొక్కి చూడటం వల్ల ఏమీ తెలియదు, వేలి బలం వేరు, పరిగెత్తేటప్పుడు పడే బరువు వేరు. షూ వేసుకుని ఒంటికాలి మీద నిలబడండి. చీలమండ అటూ ఇటూ ఊగిపోతుంటే అది మీకు మరీ మెత్తన లేదా మరీ ఎత్తు. మడమ కింద మందం 30 నుంచి 40 మిల్లీమీటర్ల దాకా ఉన్న షూలు ఇప్పుడు మామూలైపోయాయి, రోడ్డు పోటీల్లో ఎలైట్ రన్నర్లకి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ పెట్టిన హద్దు కూడా 40 మిల్లీమీటర్లే. రోజూ సిమెంటు రోడ్ల మీద నిదానంగా ఎక్కువ దూరం పరిగెత్తే వాళ్లకి అలాంటివి హాయిగా ఉంటాయి. డ్రాప్ కూడా చూడండి, అంటే మడమకీ ముందు భాగానికీ ఉన్న ఎత్తు తేడా. ఇప్పటిదాకా 10 మిల్లీమీటర్ల డ్రాప్ వాడి ఒక్కసారిగా నాలుగుకి మారితే పిక్కలు పట్టేస్తాయి.

పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే తమ్ముళ్లకి అంత మందం అక్కర్లేదు. తేలికగా ఉండి, కాలిని బాగా పట్టుకునే మామూలు రన్నింగ్ షూ చాలు. కానీ ఆ రోజుకని అన్న షూనో, స్నేహితుడి షూనో అడిగి వేసుకోవద్దు. నెలల కష్టం, ఒక్క బొబ్బతో పోగొట్టుకోవద్దు.

మడమ జారుతుంటే

షూ అన్ని విధాలా నచ్చి, మడమ ఒక్కటే కొంచెం లేస్తుంటే వెంటనే వదిలేయకండి. అన్నిటికంటే పైన, కొంచెం వెనగ్గా ఒక అదనపు రంధ్రం ఉంటుంది చూడండి, అది ఇందుకే. లేసుని అదే వైపు రంధ్రంలోకి బయట నుంచి లోపలికి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి, రెండో వైపూ అంతే. ఇప్పుడు ఎడమ లేసుని కుడి ఉచ్చులోంచి, కుడి లేసుని ఎడమ ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి ముడేయండి. మడమ వెనక్కి అతుక్కుపోతుంది. ఇలా కట్టినా జారితే మాత్రం ఆ షూ మీది కాదు.

బొబ్బ వచ్చిన చోటే కారణం చెప్తుంది

ఇప్పటికే బొబ్బలతో బాధపడుతుంటే, కొత్త షూ కొనే ముందు పాత బొబ్బ ఎక్కడ వచ్చిందో చూడండి. మడమ వెనకైతే మడమ జారుతోంది. వేళ్ల కొసల్లో, గోళ్ల కింద అయితే షూ పొట్టిది, లేదా లేసు వదులై పాదం ముందుకి దూసుకెళ్తోంది. వేళ్ల మధ్య, చిటికెన వేలి పక్కన అయితే ముందు భాగం ఇరుకు. అరికాలి ముందు భాగంలో, అంటే నాకు వచ్చిన చోట అయితే ఎక్కువసార్లు కారణం నడుమ వదులుగా ఉండటం. నాది పొట్టి షూ కూడా, వదులు షూ కూడా, రెండూ ఒకే జతలో.

సాక్సు, టేపు

కాటన్ సాక్సు చెమటని పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, ముఖ్యంగా విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో. పాలిస్టర్, నైలాన్ కలిసిన స్పోర్ట్స్ సాక్సు కొనండి, ముడతలు లేకుండా కాలికి అతుక్కుని ఉండాలి. వేళ్ల మధ్య ఒరుసుకునే వాళ్లకి ఐదు వేళ్ల సాక్సు బాగా పనిచేస్తుంది. ఎప్పుడూ ఒకే చోట బొబ్బ వచ్చేవాళ్లు మందుల షాపులో దొరికే పేపర్ టేపు ముక్క పరుగుకి ముందే పొడి చర్మం మీద అతికించండి. స్టాన్‌ఫోర్డ్ డాక్టర్లు 2016లో ప్రచురించిన పరిశోధనలో, రోజుల తరబడి సాగే దూర పరుగుల్లో ఈ మామూలు టేపు అతికించిన చోట బొబ్బలు దాదాపు 40 శాతం తగ్గాయి. వాజిలిన్ కూడా రాసుకోవచ్చు, కానీ టేపు వేసే చోట రాస్తే టేపు నిలవదు.

మొదటి వారాలు

కొత్త షూతో మొదట రెండు మూడు కిలోమీటర్లు, తర్వాత ఐదు, అలా పెంచండి. పోటీ రోజుకి ఆ షూ కనీసం 40, 50 కిలోమీటర్లు తిరిగి ఉండాలి. పరిగెత్తుతుండగా ఒకచోట వేడిగా, మంటగా అనిపించిందంటే అక్కడ బొబ్బ మొదలవుతోందన్నమాట, వెంటనే ఆగి సాక్సు సర్ది, లేసు బిగించండి, ఆ రెండు నిమిషాలు పోతే పోనీ. బొబ్బ వచ్చేస్తే దాని పైచర్మం చింపొద్దు, శుభ్రంగా కడిగి కట్టు వేసి మానే దాకా వదిలేయండి.

షుగర్ ఉన్నవాళ్లకి ఒక మాట, దయచేసి ఇది మాత్రం దాటేయకండి. కాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే బొబ్బ వచ్చినా తెలియదు, చిన్న పుండే పెద్దదవుతుంది. పరుగైనా నడకైనా ఇంటికి రాగానే సాక్సు విప్పి, అరికాలు కనిపించకపోతే అద్దం పెట్టుకుని, వేళ్ల సందుల దాకా చూసుకోండి. ఎర్రగా కమిలినట్టు కనిపించినా, నీరు పట్టినా ఇంట్లో సూదితో పొడవకుండా అదే రోజు డాక్టరుకి చూపించండి.

వానలో తడిసిన షూని ఎండలో పెట్టొద్దు, వేడికి ఫోమ్ కుంచించుకుపోతుంది, జిగురు వదిలేస్తుంది. ఇన్‌సోల్ తీసి లోపల పాత న్యూస్‌పేపరు కుక్కి ఫ్యాను కింద పెడితే మర్నాటికి ఆరిపోతుంది. కొన్న తేదీ నాలుక వెనక పెన్నుతో రాసుకోండి. 500 నుంచి 800 కిలోమీటర్లు అయ్యాక సోల్ మెత్తదనం తగ్గుతుంది, మడమ దగ్గర లోపలి గుడ్డ చిరగడం కూడా ఇంచుమించు అప్పుడే మొదలవుతుంది. ఆ చిరుగు కనిపించిన రోజున మళ్లీ కాగితం, పెన్సిలు తీసుకుని గోడ దగ్గర నిలబడండి, ఎందుకంటే ఏళ్లు గడిచే కొద్దీ పాదం పొడవూ వెడల్పూ మారుతుంటాయి.