జాతి సంహారంపై వాదించడం ఎలా? – 3వ పాఠం: ‘కొంత భాగం’ అంటే ఎంత?

కిందటి పాఠంలో జాతి సంహారంపై 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని రెండో ఆర్టికల్ చదివాం. జాతి సంహారం అనాలంటే ఒక జాతీయ, తెగ, వర్ణ లేదా మత సమూహాన్ని పూర్తిగానో, కొంత భాగాన్నో నాశనం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. చాలా వాదనలు పక్కదారి పట్టేది ఈ ‘కొంత భాగం’ దగ్గరే. ఒకరు చనిపోయినవాళ్ల లెక్క చెప్తారు, ఇంకొకరు బతికున్నవాళ్ల లెక్క చెప్తారు. ఇక ఎవరూ ముందుకు కదలరు.

ఈసారి బోస్నియా యుద్ధంలోని స్రెబ్రెనిట్సా కేసు తీసుకుందాం. ఐరాస ‘సురక్షిత ప్రాంతం’గా ప్రకటించిన ఈ పట్టణాన్ని 1995 జులై 11న బోస్నియా సెర్బు సైన్యం పట్టుకుంది. ఆ తర్వాత కొన్ని రోజుల్లోనే ఏడెనిమిది వేల మంది ముస్లిం మగవాళ్లను, అబ్బాయిలను చంపేశారు. ఆడవాళ్లను, చిన్నపిల్లలను బస్సులెక్కించి పంపేశారు.

ముందు ఎదుటివాళ్ల వాదన మీరే కాగితం మీద పెట్టండి, వాళ్లకన్నా గట్టిగా. ఈ హత్యల కేసులో నిందితుడైన బోస్నియా సెర్బు జనరల్ క్రిస్టిచ్ లాయర్లు అన్నది ఇదీ: బోస్నియా ముస్లింలు దాదాపు 14 లక్షలు, స్రెబ్రెనిట్సాలో ఉన్నది 40 వేలు. చంపింది కూడా యుద్ధం చేసే వయసు మగవాళ్లనే. సమూహాన్నే తుడిచేయాలనుకుంటే ఆడవాళ్లను ఎందుకు వదిలేస్తారు?

ఈ ప్రశ్నను దాటవేస్తే మీ వాదన నిలవదు. మాజీ యుగోస్లావియా యుద్ధ నేరాలను విచారించిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ అప్పీలు బెంచి 2004లో దానికి సూటిగానే బదులిచ్చింది. సంఖ్య ఒక్కటే చూడొద్దు, ఆ భాగానికి సమూహంలో ఉన్న ప్రాధాన్యం చూడాలంది. ప్రపంచమంతా కాపాడతామని మాటిచ్చిన ఊళ్లోనే ఇలా జరిగితే, మిగతా ముస్లింలకు దిక్కెవరు? పైగా చనిపోయినవాళ్లలో అబ్బాయిలు, ముసలివాళ్లు, కదల్లేని వికలాంగులు కూడా ఉన్నారు. మగవాళ్లు అధికారికంగా ‘ఆచూకీ లేనివాళ్లు’ కావడంతో భార్యలు మళ్లీ పెళ్లి చేసుకోలేరు, కొత్తగా పిల్లలను కనలేరు. నాకు ఆ తీర్పులో అన్నిటికన్నా బరువైన మాట ఇదే. ఇక ఆడవాళ్లను వదిలేయడం దయ కాకపోవచ్చు, బయటి ప్రపంచం ఏమంటుందోనన్న జంకు కావచ్చని కూడా బెంచి చెప్పింది.

అదే బెంచి క్రిస్టిచ్‌కు సొంతంగా ఆ ఉద్దేశం ఉందని రుజువు కాలేదని, సహకరించినవాడిగానే దోషి అని తేల్చి, 46 ఏళ్ల శిక్షను 35కు తగ్గించింది. జరిగినది జాతి సంహారమా, ఫలానా మనిషి అది చేశాడా అన్నవి వేర్వేరు ప్రశ్నలు. వాటిని కలిపేయకండి.

2007లో, దేశాల మధ్య వివాదాలు తేల్చే అంతర్జాతీయ న్యాయస్థానం స్రెబ్రెనిట్సాను జాతి సంహారమే అంది. బోస్నియాలో మిగతా చోట్ల హత్యలు, చిత్రహింసలు భారీగా జరిగాయని ఒప్పుకుంటూనే, నాశనం చేయాలన్న ప్రత్యేక ఉద్దేశం రుజువు కాలేదంది. ఇలాంటిది వాదించాల్సి వస్తే, ‘ఆ పేరు పెట్టనంత మాత్రాన నేరం చిన్నదైపోదు’ అని మొదటే చెప్పండి. బాధితుల తరఫు మనిషి ఎదురుగా కూర్చున్నాడనుకుని మాట్లాడండి.

అభ్యాసం: కంబోడియా ట్రిబ్యునల్ 2018లో, 1970లలో ఆ దేశాన్ని ఏలిన కమ్యూనిస్టు ఖ్మేర్ రూజ్ నాయకుడు నువోన్ చియాను చామ్ ముస్లింల, వియత్నామీయుల జాతి సంహారంలో దోషిగా తేల్చింది. కానీ ఖ్మేర్ రూజ్ పాలనలో ఎక్కువగా చనిపోయింది ఆ దేశంలో మెజారిటీ అయిన ఖ్మేర్ ప్రజలే. వాళ్ల విషయంలో ఈ అభియోగం ఎందుకు కుదరలేదు? ఆర్టికల్‌లోని ‘సమూహం’ నిర్వచనం దగ్గర పెట్టుకుని, రెండు వైపులా చెరో పేజీ రాయండి.