బ్యాకింగ్ ట్రాక్‌తో గిటార్ సాధన ఎలా చేయాలి? ఇంటి గది నుంచి వేదిక దాకా

గదిలో ఒక్కరే కూర్చుని గిటార్ వాయించేవాళ్లకు తెలియకుండానే ఒక అలవాటు పడిపోతుంది. బాగా వచ్చిన ముక్క దగ్గర చెయ్యి పరిగెడుతుంది. రాని ముక్క దగ్గర నత్తనడక. కార్డ్ (కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మీటేది) మార్చేచోట అర క్షణం ఆగుతుంది. పక్కన ఎవరూ ఉండరు కాబట్టి ఆ అర క్షణం ఎవరికీ తెలియదు, మనకు అసలే తెలియదు. నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది. తబలా వాయించే స్నేహితుడొకడు ఇంటికొచ్చి నాతో కలిసి కూర్చున్నాడు. పది నిమిషాలకే చేతులు ఆపేసి, "తాళం నీ వెనక నడవాలా రా, నువ్వు తాళం వెంట నడుస్తావా?" అన్నాడు.

తబలా వాళ్లూ డ్రమ్స్ వాళ్లూ రోజూ మనింటికి రారు. ఆ లోటు తీర్చేదే బ్యాకింగ్ ట్రాక్. డ్రమ్స్, బేస్, కీబోర్డు ముందే రికార్డు చేసి, మనం వాయించాల్సిన చోటు ఖాళీగా వదిలిన ఆడియో అది. పాడేవాళ్లు కరోకే అంటారు, ఆర్కెస్ట్రా వాళ్లు మైనస్ ట్రాక్ అంటారు. ఇది నిన్నమొన్నటి ఆలోచనేమీ కాదు. అమెరికాలో 1950లో మొదలైన మ్యూజిక్ మైనస్ వన్ అనే సంస్థ ఒక వాద్యం తీసేసిన రికార్డులు అమ్మేది. 1967లో జేమీ ఆబర్‌సోల్డ్ జాజ్ నేర్చుకునేవాళ్ల కోసం అలాంటివే తెచ్చాడు, ఆ వరుస వంద సంపుటాలు దాటింది. మన దగ్గర తంబురా, శృతిపెట్టె చేసే పని కూడా కొంతవరకు ఇదే. కాకపోతే శృతిపెట్టె ఒకే శృతి మీద నిలబడి ఉంటుంది, తాళం చెప్పదు. ట్రాక్‌లో కార్డులు మారిపోతుంటాయి, తాళం ఎవరి కోసమూ ఆగదు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి: ట్రాక్‌కు చెవులు లేవు. మనం తప్పినా అది ఆగదు, మనం జోరుమీదున్నా అది జోరందుకోదు. సాధనలో మనకు కావలసింది అదే. వేదిక మీద మాత్రం మనల్ని ముంచేదీ అదే.

1. ఒక్క ట్రాక్ పట్టుకోండి

యూట్యూబ్‌లో వెతికితే వేల ట్రాక్‌లు దొరుకుతాయి. రోజుకొకటి మార్చుకుంటూ పోతే వేళ్లకు సరదాగానే ఉంటుంది, ఏదీ ఒంటబట్టదు. నెలకు ఒకటి చాలని నా అభిప్రాయం. మొదటి నెలకు ఏ (A) కీలో, అంటే ఏ స్వరం ఆధారంగా సాగే పన్నెండు బార్ల బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల సంగీత శైలి), 80 బీపీఎం వేగంలో ఉన్నది తీసుకోండి. బీపీఎం అంటే నిమిషానికి ఎన్ని బీట్లో ఆ లెక్క. నాలుగు బీట్లు కలిపితే ఒక బార్. పన్నెండు బార్లకు 48 బీట్లు, అంటే 80 వేగంలో ఒక రౌండుకు 36 సెకన్లు. పది నిమిషాలు కూర్చుంటే అదే దారిలో పదహారు సార్లు తిరిగొస్తారు.

ట్రాక్ పేరులోనే కీ, వేగం రాసి ఉన్నవి తీసుకోండి. డ్రమ్స్, బేస్ స్పష్టంగా వినపడాలి. రకరకాల కీబోర్డు శబ్దాలతో నింపేసిన ట్రాక్‌లు వినడానికి గొప్పగా ఉంటాయి గానీ వాటిలో మనకు చోటు మిగలదు.

2. శృతి కలపండి

ట్యూనర్‌ను మామూలు శృతి అయిన 440 హెర్ట్జ్‌కి పెట్టి గిటార్ శృతి చేసుకోండి. తర్వాత ట్రాక్ పెట్టి, ఐదో తీగను (అన్నిటికన్నా సన్నటిది ఒకటోది) ఎక్కడా నొక్కకుండా మీటి, ఏ (A) కార్డ్ వచ్చేచోట రెండూ కలిసిపోతున్నాయో లేదో వినండి. ఇలా గిటార్ కోసమే తయారుచేసిన ట్రాక్‌లతో పేచీ ఉండదు. పాత సినిమా పాటల నుంచి గొంతు తీసేసి తయారుచేసుకున్న ట్రాక్‌లతోనే చిక్కు. ఆ రోజుల్లో టేపు వేగంలో వచ్చిన చిన్న తేడాల వల్ల చాలా పాటలు రెండు స్వరాల మధ్య ఎక్కడో నిలబడి ఉంటాయి. అలాంటప్పుడు ట్యూనర్ పక్కన పెట్టి చెవితో గిటార్‌నే ట్రాక్‌కు కలుపుకోండి. లేదా ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేగం మారకుండా ట్రాక్ శృతి సరిచేసుకోవచ్చు.

3. మొదటి రోజు గిటార్ ముట్టుకోకండి

వినండి. చేత్తో తాళం వేస్తూ కార్డ్ పేర్లు పైకి చెప్పండి: ఏ7 నాలుగు బార్లు, డి7 రెండు, మళ్లీ ఏ7 రెండు, తర్వాత ఇ7, డి7, ఏ7, ఇ7 ఒక్కొక్కటి. ఆదితాళం వేయడం వచ్చినవాళ్లకు ఇంకా తేలిక. ఆదితాళం ఒక ఆవర్తానికి రెండు బార్లు, కాబట్టి ఆరు ఆవర్తాలకు ఒక రౌండు పూర్తవుతుంది. ట్రాక్ మధ్యలో ఎక్కడ మొదలుపెట్టినా ఇప్పుడు ఎన్నో బార్‌లో ఉన్నామో చెప్పగలిగేదాకా ఈ పని సాగాలి. విసుగ్గానే ఉంటుంది. ఈ విసుగు భరించనివాళ్లే తర్వాత వేదిక మీద దారి తప్పుతారు. నేనూ తప్పాను.

4. ముందు పునాది స్వరాలు, ఆ తర్వాతే సోలో

మొదట ప్రతి బార్‌లో ఒకటో బీట్ మీద ఆ కార్డ్ మూల స్వరం (కార్డ్ పేరులో ఉన్న స్వరం) ఒక్కటే వాయించండి. ఏ (A) స్వరం ఆరో తీగ ఐదో ఫ్రెట్‌లో (ఫ్రెట్లంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే మెట్లు), డి ఐదో తీగ ఐదో ఫ్రెట్‌లో, ఇ ఐదో తీగ ఏడో ఫ్రెట్‌లో ఉంటాయి. ట్రాక్‌లోని బేస్‌తో మీ స్వరం ఒక్కటైపోయి, విడిగా వినపడకూడదు. తర్వాత కార్డులతో రిథమ్. ఇవి రెండూ కుదిరాకే సోలో.

సోలోకు ఏ మైనర్ పెంటటోనిక్ స్కేల్‌తో మొదలుపెట్టండి: ఏ, సి, డి, ఇ, జి. శుద్ధధన్యాసి తెలిసినవాళ్లకు ఈ ఐదు స్వరాలు పాత చుట్టాలే. ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా ఫ్రెట్లు ఇవి: 5–8, 5–7, 5–7, 5–7, 5–8, 5–8.

ఇక్కడ ఒక చిత్రముంది. ఏ7 కార్డ్‌లో ఉన్నది సి షార్ప్ (సి కంటే ఒక ఫ్రెట్ పైది), మన స్కేల్‌లో ఉన్నది సి. లెక్క ప్రకారం రెండూ కొట్టుకోవాలి. బ్లూస్ రుచి ఆ ఒరిపిడిలోనే ఉంది. సి మీద వేలు పెట్టి తీగను కొద్దిగా పైకి లాగితే స్వరం ఆ రెండింటి మధ్యకు చేరుతుంది. గమకం ఎరిగిన చెవికి ఇది వేరే చెప్పక్కర్లేదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ ఫ్రెట్లున్న వాద్యం మీద కర్ణాటక గమకాలు పలికించి చూపించారు, మనం ఒక్క స్వరాన్ని పావువంతు లాగడానికి భయపడనక్కర్లేదు.

రెండో వారంలో స్కేల్‌ను కాసేపు మరిచిపోయి ఇది చేయండి. కార్డ్ మారే ప్రతిచోటా ఒకటో బీట్ మీద ఆ కార్డ్ మూడో స్వరం (మూల స్వరాన్ని ఒకటిగా లెక్కిస్తే మూడోది) మీద దిగాలి. ఏ7కి సి షార్ప్ (మూడో తీగ, ఆరో ఫ్రెట్), డి7కి ఎఫ్ షార్ప్ (నాలుగో తీగ, నాలుగో ఫ్రెట్), ఇ7కి జి షార్ప్ (నాలుగో తీగ, ఆరో ఫ్రెట్). మూడూ చేతి కిందే ఉన్నాయి. ఈ మూడు చోట్ల సమయానికి దిగితే చాలు, మధ్యలో ఏం వాయించినా వినేవాళ్లకు కార్డులు తెలిసే వాయిస్తున్నాడు అనిపిస్తుంది. దిగలేకపోతే ఎంత వేగంగా వాయించినా ట్రాక్ ఒక దారిన, మనం ఒక దారిన.

అన్నిటికన్నా కష్టమైనది ఆగడం. రెండు బార్లు వాయించండి, రెండు బార్లు చేతులు కట్టుకు కూర్చోండి. మొదటి రోజు ఆ రెండు బార్లు ఎంతకీ గడవవు. ట్రాక్ మనకు జవాబివ్వదు కాబట్టి ఖాళీ కనపడగానే నింపేయాలని చెయ్యి ఆరాటపడుతుంది. ఖాళీలో డ్రమ్స్ ఏం చేస్తున్నాయో వినడం మొదలయ్యాక, తర్వాత వాయించే రెండు బార్లు వాటంతట అవే మారతాయి. నాకు నెల రోజుల సాధనలో ఎక్కువ మేలు చేసింది ఈ చేతులు కట్టుకోవడమే.

5. వేగం పెంచడం, పరీక్ష పెట్టుకోవడం

80 కష్టంగా ఉంటే 60కి దించండి. యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గిస్తే సరిగ్గా 60 వస్తుంది, శృతి మారదు. శబ్దం కొంచెం అరిగినట్టుంటుంది, సాధనకు పర్వాలేదు. వరుసగా మూడు రౌండ్లు తప్పు లేకుండా వచ్చాకే 5 పెంచండి.

పరీక్ష ఇలా పెట్టుకోవచ్చు. ఆడాసిటీలో ట్రాక్ మధ్య నాలుగు బార్లు ఎంచుకుని నిశ్శబ్దం చేసేయండి. 80 వేగంలో అది 12 సెకన్లు. ట్రాక్ మాయమైనా మీరు వాయిస్తూనే ఉండాలి. శబ్దం తిరిగొచ్చినప్పుడు మీ ఒకటో బీట్, దాని ఒకటో బీట్ కలిశాయా? అర బీట్ ముందుంటే మీది పరిగెత్తే చెయ్యి అని అర్థం.

6. బ్లూటూత్ సంగతి

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం తరచూ 150 మిల్లీసెకన్లో అంతకంటే ఎక్కువో ఆలస్యంగా వస్తుంది. ట్రాక్ ఒక్కటే అందులో వింటూ అకౌస్టిక్ గిటార్ వాయిస్తే ఇబ్బంది లేదు, ఆలస్యమైనా మనం విన్నదానికే వాయిస్తాం. గిటార్‌ను ఫోన్‌కో కంప్యూటర్‌కో కలిపి, ఆ శబ్దం కూడా బ్లూటూత్‌లోనే వింటే కొంప మునుగుతుంది. 120 వేగంలో ఒక బీట్‌లో నాలుగో వంతు 125 మిల్లీసెకన్లే. అంటే తీగ మీటిన శబ్దం చెవికి చేరేలోపు తర్వాతి మీటు పడిపోయి ఉంటుంది. ఇలాంటప్పుడు వైరున్న హెడ్‌ఫోన్లే దిక్కు.

వారానికోసారి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. గిటార్ కంటే ట్రాక్ తక్కువ వినపడుతుంటే ఇన్నాళ్లూ ట్రాక్‌ను వినకుండానే వాయించారన్నమాట. వెంటనే వినకండి, మర్నాడు వినండి.

7. వేదిక ఎక్కేముందు

అపార్ట్‌మెంటులో వినాయక చవితి పందిరి కావచ్చు, స్నేహితుడి పెళ్లి రిసెప్షన్ కావచ్చు. ట్రాక్‌లు ఫోన్‌లోకి దించుకుని వెళ్లండి, నెట్ మీద ఆధారపడకండి. ఫైళ్లకు 01, 02 అని వరుస నంబర్లు పెట్టండి. అన్నిటి వాల్యూమ్ ఒకేలా ఉండాలి. ప్రతి ట్రాక్ మొదట నాలుగు బీట్ల లెక్క ఉండాలి, లేకపోతే ఎక్కడ అందుకోవాలో తెలియదు. చివర శబ్దం మెల్లగా తగ్గిపోయే ట్రాక్‌లు వద్దు. జనానికి ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియదు, మనకు ఎప్పుడు ఆపాలో తెలియదు.

ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నా మొదటి కార్యక్రమంలో రెండో పాట మధ్యలో ట్రాక్ ఆగిపోయి, రెండు పెద్ద స్పీకర్లలో నా రింగ్‌టోన్ మోగింది. అమ్మ ఫోన్, భోజనానికి ఎప్పుడొస్తావని. ఫ్లైట్ మోడ్‌లోనూ అలారం మోగుతుంది, అదీ చూసుకోండి.

ఫోన్ నుంచి మిక్సర్‌కు 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను ఒకవైపు, రెండు 6.35 మిల్లీమీటర్ల పిన్నులు మరోవైపు ఉన్న కేబుల్ కావాలి. రెండు తీసుకెళ్లండి. సౌండ్ సిస్టమ్ అతను రెండు పిన్నుల్లో ఒకటే గుచ్చితే కుడివైపో ఎడమవైపో ఉన్న వాద్యాలు మాయమవుతాయి. అందుకే ట్రాక్‌ను ముందే మోనోగా (రెండు వైపులా ఒకే శబ్దం వచ్చేలా) మార్చుకోవడం మంచిది. బ్యాండ్ వాళ్లు ఎడమ చానల్‌లో క్లిక్ (తాళం చెప్పే టిక్ టిక్ శబ్దం), కుడి చానల్‌లో ట్రాక్ పెట్టి, క్లిక్‌ను తమ చెవికి మాత్రమే పంపించుకుంటారు. పద్ధతి మంచిదే గానీ, తెలియని మిక్సర్ దగ్గర ఆ క్లిక్ జనం నెత్తిన పడే ప్రమాదం ఉంది. ఒంటరి గిటారిస్టుకు అది అవసరమని నాకనిపించదు.

సౌండ్ చెక్‌లో రెండే అడగండి. మానిటర్‌లో (వేదిక మీద మనవైపు తిప్పిన స్పీకర్‌లో) ట్రాక్ గట్టిగా వినపడాలి. గిటార్‌లో 80–100 హెర్ట్జ్ కింది భాగం తగ్గించాలి. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, దాని కిందిది బేస్ చోటు.

సినిమా పాటల ట్రాక్‌తో వాయించి యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. కేఫ్‌లలో, టికెట్టు కార్యక్రమాల్లో అయితే ఐపీఆర్ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల తరఫున ఫీజు వసూలు చేసే సంస్థ) లైసెన్సు సంగతి నిర్వాహకులను ముందే అడగండి.

8. దారి తప్పితే

తప్పుతారు. అప్పుడు ట్రాక్‌ను వెంటపడి అందుకోవాలని చూడకండి. తీగలు అరచేత్తో మూసేయండి, బేస్ వినండి, కార్డ్ ఏదో తెలుసుకోండి, కొత్త రౌండు మొదట్లో అందుకోండి. జనం దాన్ని విరామం అనుకుంటారు. మూడో మెట్టులో చేసిన లెక్క పనికొచ్చేది ఇక్కడే. ట్రాక్ మొత్తానికే ఆగిపోతే, ఏ సాయమూ లేకుండా వాయించగలిగే ముక్క ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

దానికోసం ఆదివారాలు ట్రాక్ కట్టేసి, స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక రౌండు వాయించండి. 80 వేగంలో 36 సెకన్లు రావాలి. నాకు మొదట్లో 31 వచ్చేది. పోయిన ఆదివారం 35.