డ్రాప్‌బాక్స్‌లో ఫోల్డర్ టిక్ తీసేముందు

ల్యాప్‌టాప్‌లో జాగా చాలక డ్రాప్‌బాక్స్‌లోని సెలెక్టివ్ సింక్‌లోకి (క్లౌడ్‌లోని ఏ ఫోల్డర్లు ఈ కంప్యూటర్‌లో ఉండాలో టిక్ పెట్టి ఎంచుకునే సెట్టింగ్) వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి.

- టాస్క్‌బార్‌లో డ్రాప్‌బాక్స్ గుర్తు ఇంకా తిరుగుతూ ఉంటే ఆగండి. అప్‌లోడ్ పూర్తవ్వాలి.
- బ్రౌజర్‌లో లాగిన్ అయ్యి, ఆ ఫోల్డర్‌లోని రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. పేరు కనిపిస్తే చాలదు, తెరుచుకోవాలి.
- అన్నిటికన్నా ముఖ్యం: టిక్ తీయడం వేరు, డిలీట్ కొట్టడం వేరు. టిక్ తీస్తే ఫోల్డర్ ఈ కంప్యూటర్‌లోంచే పోతుంది, క్లౌడ్‌లో భద్రంగా ఉంటుంది. అదే ఫోల్డర్‌ని ఎక్స్‌ప్లోరర్‌లో డిలీట్ చేశారో, క్లౌడ్‌లోనూ, మిగతా కంప్యూటర్లలోనూ పోతుంది. జాగా కోసమని మా తమ్ముడు పెళ్లి ఫొటోల ఫోల్డర్ ఇలాగే లేపేశాడు. ఉచిత ఖాతాలో డిలీట్ అయినవి 30 రోజులు ఉంటాయి కాబట్టి బతికిపోయాం. ఆ సాయంత్రం ఇంట్లో టెన్షన్ మాత్రం చెప్పనలవి కాదు.
- ఆ ఫోల్డర్‌లో ఎక్సెల్, వర్డ్ ఫైళ్లేవైనా తెరిచి ఉంటే మూసేయండి.
- నెట్ లేని చోట కావలసినవాటికి టిక్ ఉంచేయండి.
- టిక్ తీశాక అదే చోట అదే పేరుతో కొత్త ఫోల్డర్ పెట్టకండి. దాని పేరు పక్కన ‘సెలెక్టివ్ సింక్ కాన్‌ఫ్లిక్ట్’ అని చేరుతుంది, ఏది అసలుదో తేల్చుకోవడం తలనొప్పి.
- ఈ సెట్టింగ్ ఒక్క కంప్యూటర్‌కే. ఆఫీసు సిస్టమ్‌లో మళ్లీ విడిగా పెట్టుకోవాలి.